బోణీ అడిగిన పిల్ల

మేం పిల్లలకు చెప్పే ఎకనామిక్స్ పుస్తకంలో ధర గురించి పెద్ద అధ్యాయమే ఉంది. గిరాకీ ఉంది, సరఫరా ఉంది, ఆ రెండు గీతలూ కలిసేచోట ఒక చుక్క ఉంది. బోణీ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అందుకని ఆ పుస్తకం రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు ఎక్కడో కూర్చుని రాసి ఉంటారు. నా కోపమంతా బందరులో పుట్టి, బందరులో పెరిగి, బోణీ కాకుండా ఏ కొట్టువాడూ అరువివ్వడని చిన్నప్పట్నుంచీ తెలిసి కూడా, తెలియనట్టు మొహం పెట్టిన పెద్దమనుషుల మీద. ఇది జరిగి కొన్నేళ్లయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను బందరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్, ఎకనామిక్స్ చెప్పేదాన్ని. గుడ్లవల్లేరు నుంచి పొద్దున్నే రైలెక్కి వెళ్లేదాన్ని. మా పుట్టింటివాళ్లది బంటుమిల్లి పక్క పల్లెటూరు. చర్చికి వెళ్లే కుటుంబం, మా ఇంట్లో అందరూ టీచర్లూ నర్సులే. వ్యాపారమన్నది మా వంశంలో ఎవరూ చేసి ఎరగరు. నాకు తెలిసిన వ్యాపారమంతా పుస్తకాల్లోదే కాబట్టి, పిల్లలకైనా చేతుల్తో చేసి నేర్చుకునే వీలు కల్పిద్దామని నాకో ఆలోచన వచ్చింది. ఒక శనివారం కాలేజీ ఆవరణలో సంత పెడదాం, తలో బల్లా వేసుకుని ఏదో ఒకటి అమ్మండి, ఖర్చెంతో అమ్మకమెంతో రాసి లాభం తేల్చండి, అన్నాను. దానికి బిజినెస్ డే అని పేరు పెట్టాం.

కరస్పాండెంట్ గారు, అంటే కాలేజీ యజమాని, వెంటనే ఒప్పుకున్నారు. పిల్లలు నేర్చుకుంటారని కాదు. ఫొటోలు తీయించి ఎండాకాలం అడ్మిషన్ల కరపత్రాల్లో వేసుకోవచ్చని. ఆ సంగతి ఆయన దాచుకోలేదు కూడా. ముఖ్య అతిథిగా ఒక బ్యాంకు అధికారిని పిలుస్తున్నానని, కాలేజీకి ఆయనతో పని ఉందని నాకు చెప్పారు.

పిల్లలు ఉత్సాహంగా పేర్లిచ్చారు. ఏం అమ్ముతారర్రా అంటే సగం మంది లడ్డూలన్నారు. బందరు లడ్డూలు. చేసేదెవరు అంటే, డాడీ షాపులో కొనిస్తారు మేడం, అన్నారు. కొన్నదానికి పది రూపాయలు కలిపి అమ్ముతారా అంటే, కొన్న డబ్బు డాడీది కదా మేడం, అమ్మిందంతా లాభమే, అన్నారు. సొమ్మొకడిది, సోకొకడిది. ఖర్చు అంటే ఏమిటో నేను అంతకుముందు వారం రోజులు చెప్పిన పాఠం గాలికి పోయింది. డాడీ పెట్టినా ఖర్చు ఖర్చేనని మళ్లీ చెప్పాను. సరే మేడం అన్నారు. ఎవరూ మారలేదు.

ఆ పిల్ల నా దగ్గరకు చివర్లో వచ్చింది. సముద్రపు ఒడ్డు ఊరు వాళ్లది. తండ్రి బోటు మీద వేటకు వెళ్తాడు. తల్లి ఎండుచేపలు బుట్టల్లో సర్దుకుని చల్లపల్లి, అవనిగడ్డ వైపు వారం సంతలకు తీసుకెళ్లి అమ్ముతుంది. పిల్ల క్లాసులో అంత చురుకైనదేం కాదు. కిటికీ పక్కన కూర్చునేది, అడిగితే చెప్పేది, అడక్కపోతే లేదు. ఎండుచేపలు పెట్టుకోవచ్చా అండీ, అని మెల్లగా అడిగింది. నేను పెట్టుకోమన్నాను. ఆఫీసులో మాత్రం గగ్గోలు పుట్టింది. వాసనండీ, అతిథులొస్తారండీ, అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో సగం మంది ఇళ్లలో ఆదివారం ఎండురొయ్యలు వేయని గోంగూర దిగదని నాకు తెలుసు. తినడానికి లేని వాసన అమ్మడానికి ఎక్కడ నుంచి వచ్చిందో అడిగాను. చివరికి ఎండు రొయ్యల కారప్పొడి, వేయించిన నెత్తళ్లు అయితే సరే, అవి కూడా పొట్లాలు కట్టి తెస్తేనే, సైకిల్ స్టాండ్ పక్కన బల్ల వేసుకుంటేనే, అన్నారు.

ఆ పిల్ల దానికే సంతోషపడింది. తల్లి దగ్గర రొయ్యలు ఊరికే తెచ్చుకోలేదు, సంతలో ఏ ధరకు అమ్ముతుందో ఆ ధరకే లెక్క కట్టుకుంది. మా అమ్మ ఊరికే ఇవ్వదండి, ఇస్తే రేపు బుట్టలో తగ్గుతాయి కదా, అంది. నేను క్లాసులో అవకాశ వ్యయం అని బోర్డు మీద రాసి తంటాలు పడే సంగతి అదే. ఆ సాయంత్రం రైల్లో ఇంటికి వెళ్తూ నాలో నేను నవ్వుకున్నాను.

శనివారం వచ్చింది. షామియానా, మైకు, ప్లాస్టిక్ పూలు. పొద్దున పది దాటాక ముఖ్య అతిథి కారు గేట్లోకి వచ్చింది. సైకిల్ స్టాండ్ గేటు పక్కనే. వాసన వస్తుందని మూలకు నెట్టిన బల్లే అతిథికి మొదట ఎదురైంది. పిల్ల అప్పుడే గుడ్డ పరిచి పొట్లాలు పేర్చింది. ఇంకా ఒక్క బేరమూ కాలేదు.

అతిథి బల్ల ముందు ఆగారు. ఒక కారప్పొడి పొట్లం తీసి వాసన చూసి, "అబ్బో, మా ఇంట్లో ఇది ప్రాణమండీ" అన్నారు. కరస్పాండెంట్ గారి మొహం వెలిగిపోయింది. "తీసుకోండి సార్, తీసుకోండి. మన పిల్లలే" అన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. అతిథి ఆ పొట్లం వెనకే ఉన్న డ్రైవర్ చేతికిచ్చి అడుగు ముందుకు వేశారు.

"సార్, డబ్బులండి" అంది పిల్ల.

ఆయన వినిపించుకోలేదో, విననట్టు ఉన్నారో నాకు తెలియదు. పిల్ల బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన ముందు నిలబడింది. గొంతు పెంచలేదు. చేతులు కట్టుకునే ఉంది.

"సార్, బోణీ అండి. ఇంకా ఎవరూ కొనలేదండి. ఎంతో కొంత చేతిలో పెట్టండి."

ఆయన నవ్వారు. "మీ కరస్పాండెంట్ గారికి బిల్లు పంపించమ్మా" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు, పెద్దవాళ్లు నవ్వితే నవ్వాలి కాబట్టి.

"బోణీ అరువు పెట్టకూడదండి" అంది పిల్ల. అక్కడి నుంచి కదల్లేదు.

ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు. కరస్పాండెంట్ గారు పళ్లు బిగించి, "పక్కకి జరుగు" అన్నారు. పిల్ల జరిగింది. వాళ్లు లడ్డూల వైపు వెళ్లిపోయారు. పొట్లం కారులోకి వెళ్లింది. అతిథి జేబులో ఫోను ఉంది, బల్ల మీద పిల్ల అతికించుకున్న స్కానర్ కాగితం ఉంది, ఒక్క క్షణం పని. ఆ క్షణం ఆయనకు లేకపోయింది.

నేను గబగబా వెళ్లి పర్సు తీశాను. "నేను చేస్తానమ్మా బోణీ" అన్నాను. పిల్ల నా వంక చూసి, "మీది రెండో బేరం అవుతుందండి" అంది. అయినా తీసుకుంది. నేను ఊరుకోలేక, ఆయనతో అంత పట్టుబట్టావేం, భయం వేయలేదా, అని అడిగాను. ఆ పిల్ల చెప్పిన జవాబు నేను ఎదురుచూసింది కాదు.

"రెండో బేరమైతే ఊరుకునేదాన్నండి. మా ఊరు ఆఫీసుల వాళ్లు ఎవరొచ్చినా మంచి చేప చూసి సంచిలో వేస్తారండి మావాళ్లు. డబ్బులు ఎవరూ అడగరు. కానీ బోణీ ఊరికే పోతే ఆ రోజు అచ్చిరాదండి. అమ్మైతే ఎంత పెద్దవాళ్లైనా బోణీ దగ్గర రూపాయైనా పుచ్చుకుంటుంది."

నేనేదో పిల్లకు ధైర్యం ఉందనుకుంటున్నాను. ఊరికే ఇవ్వడం వాళ్లకు ఎంత అలవాటైపోయిందంటే, అడగడానికి బోణీ అన్న ఒక్క సాకు మిగిలింది. ఆ ఒక్క సాకును కూడా ఆ పూట మా కాలేజీ లాగేసుకుంది.

తర్వాత జరిగినవన్నీ చెబితే నాకే రోత. కరస్పాండెంట్ గారికి కోపమొచ్చిందన్న సంగతి క్షణాల్లో పాకింది, ఆ బల్ల దగ్గరకు లెక్చరర్లు ఎవరూ వెళ్లలేదు. పిల్లలు కొందరు కొన్నారు. మిగిలిన పొట్లాలు తిరిగి సంచిలోకి వెళ్లాయి. మొదటి బహుమతి లడ్డూల బల్లకు వచ్చింది. వాళ్ల లెక్కలో ఖర్చు సున్న. ఖర్చు సున్న ఉన్న వ్యాపారానికి కామర్స్ కాలేజీలో కప్పిచ్చి చప్పట్లు కొట్టారు. అతిథి మైకు పట్టుకుని, కస్టమర్ దేవుడు అన్నారు. మా చర్చిలో దేవుడి పేరు చెప్పి పళ్లెం తిప్పితే అందరం అందులో వేస్తాం గానీ, దేవుడు ఏనాడూ పళ్లెంలోంచి పొట్లం తీసి డ్రైవర్‌కివ్వలేదు. ఈ మాట పక్కనున్న లెక్చరర్‌తో అంటే ఆవిడ నా చెయ్యి నొక్కి ఊరుకోమంది.

సోమవారం నన్ను పిలిచారు. పిల్ల అప్పటికే గది బయట నిలబడి ఉంది. వాళ్ల అమ్మ వచ్చి క్షమాపణ చెప్పుకోవాలి, లేకపోతే టీసీ తీసుకుని వెళ్లిపోవచ్చు, అన్నారు కరస్పాండెంట్ గారు. పబ్లిక్ పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. అప్పుడు టీసీ ఇస్తే ఏ కాలేజీ చేర్చుకోదు, ఏడాది పోతుంది. ఆ ఇంట్లో ఏడాది పోయిందంటే చదువు పోయినట్టే. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు.

"ధర అడగడం తప్పెలా అవుతుందండీ?" అన్నాను. "అడగమనే కదా మనం సంత పెట్టింది?"

"మేడం, పాఠం వేరు, పద్ధతి వేరు" అన్నారాయన.

"పద్ధతంటే ఏంటండీ, ఊరికే ఇచ్చెయ్యడమా?"

"ఇంత చిన్న పొట్లానికి ఇంత రభసేంటండీ. దాని విలువెంత?"

"చిన్నదే కదండీ. మరి మీరు ఇవ్వొచ్చుగా?"

ఆయన నా వంక ఒకసారి చూసి, కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. మాట అయిపోయిందని అర్థం. చెప్పేవన్నీ శ్రీరంగనీతులు. ప్రతి తరగతి గోడ మీదా ‘ప్రశ్నించే విద్యార్థే ఎదిగే విద్యార్థి’ అని రంగుల్లో రాయించింది ఆయనే.

మర్నాడు పొద్దున తల్లి వచ్చింది. మొదటి బస్సుకే వచ్చి, మేం వచ్చేదాకా మెట్ల మీద కూర్చుంది. నాకంటే వయసులో చిన్నదే, ఎండకు మొహం నల్లబడింది. ఒళ్లో గుడ్డసంచి. కూతురు పక్కనే నిలబడి నేల చూస్తోంది. తల్లి నన్ను చూసి లేచి దణ్ణం పెట్టింది.

సంచిలో ఏముందమ్మా అని అడిగాను. ఎండిన వంజరం ముక్కలండీ, పెద్దవి, అంది. ఈ వారం అవనిగడ్డ సంతకని ఉంచినవి. సార్ గారికి తెచ్చాను, అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇవ్వకమ్మా. నీ కూతురు తప్పేం చేయలేదు. అమ్మిన వస్తువుకు డబ్బడిగింది, అంతే. ఆయనే ఇవ్వాలి మీకు."

"నిజమేనండి" అంది ఆవిడ.

"మరి?"

"ఊరుకోండి మేడం గారూ. ఇవ్వకపోతే పిల్లని పంపించేస్తారు. మీరాపుతారా?"

ఆ మాటలో నన్ను నిలదీసే ఉద్దేశం ఏమీ లేదు. వానొస్తే గొడుగుందా అని అడిగినట్టు మామూలుగా అడిగింది. నేను ఆపలేను. నా ఉద్యోగం ఏడాదికోసారి రాసిచ్చే కాగితం మీద నడుస్తోంది. ఆపలేనని ఆవిడకు నాకంటే ముందే తెలుసు.

ఆవిడ లోపలికి వెళ్లింది. ఎక్కువసేపు పట్టలేదు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. మొహంలో బరువు దిగిపోయింది.

"అయిపోయిందండి" అంది నాతో. "మంచోరేనండి. తీసుకున్నారు."

ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. తీసుకున్నారు కాబట్టి మంచోరట. తీసుకోకపోతే భయమట. పుచ్చుకున్నవాడే దయ చూపించినట్టు, ఇచ్చినావిడ దణ్ణం పెట్టి వెళ్తోంది. ఇది మన దేశంలో కొత్తా, ఇవాళే చూశావా, అని నన్ను అడగొచ్చు. కొత్త కాదు. కాలేజీలో, కామర్స్ డిపార్ట్‌మెంట్ గుమ్మం ముందు, నేను పెట్టిన సంత పుణ్యమా అని చూడటం మాత్రం కొత్త.

ఆవిడ బస్సుకు వెళ్లిపోయింది. పిల్ల క్లాసుకు వచ్చింది. ఆ రోజు పని, ఎవరి బల్ల లెక్క వాళ్లు తేల్చడం. నేను బోర్డు మీద అమ్మకం, ఖర్చు, లాభం అని రాసి, ఒక్కొక్కరినీ లేపి అడుగుతున్నాను. లడ్డూల వాళ్లు గర్వంగా చెప్పారు. ఆ పిల్ల తనంతట తానే లేచి నిలబడటం అదే మొదటిసారి.

"మేడం, ఒక సందేహమండి. బోణీ దగ్గర నేను ఊరుకుని ఉంటే ఒక్క పొట్లమే పోయేదండి. అడిగినందుకు ఆ పొట్లమూ పోయింది, అమ్మ తెచ్చిన వంజరం కూడా పోయింది. అంటే అడగడం వల్లే ఎక్కువ నష్టం వచ్చిందండి. ఇంకెప్పుడూ అడక్కూడదని రాయమంటారా?"

లడ్డూల పిల్లలు కూడా నవ్వలేదు. లెక్క ప్రకారం ఆ పిల్ల చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను నేర్పిన లెక్కే. స్థిర వ్యయం, చర వ్యయం, అవకాశ వ్యయం అని పుస్తకంలో ఖర్చులకు ఎన్నో పేర్లున్నాయి. న్యాయంగా రావలసింది అడిగినందుకు కట్టే ఖర్చుకు పేరు లేదు. వ్యాపారం నేర్పిస్తానని నేను సంత పెడితే, ఆ పిల్ల నేర్చుకున్న పాఠం నోరు మూసుకోవడం.

"అలా రాయకు" అన్నాను. "అడగాలి. అడగడం తప్పు కాదు."

"మీరైతే అడుగుతారా అండీ?" అంది.

ఎదురుచెప్పినట్టు అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి, మీరు లెక్కలు చేసుకుంటూ ఉండండి, అని బయటికి నడిచాను. భయం వేయలేదని చెప్పను. కానీ కోపం భయం కంటే ముందు నడుస్తోంది.

కరస్పాండెంట్ గారి గదిలో బల్ల కింద వంజరం ముక్కలు చుట్టిన కాగితం కనిపిస్తూనే ఉంది. "సార్, ఆ పిల్లకు డబ్బులు రావాలండీ. కారప్పొడికీ, ఈ వంజరానికీ" అన్నాను.

"అది వాళ్లమ్మ ప్రేమగా ఇచ్చిందండీ" అన్నారు.

"ప్రేమగా ఇచ్చేవాళ్లు మొదటి బస్సుకు వచ్చి మెట్ల మీద కూర్చోరండీ."

"మీరు మీ హద్దు దాటుతున్నారు మేడం."

"దాటుతున్నానండీ. డబ్బులిస్తే వెళ్లిపోతాను."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఫోను చూసుకున్నారు, అటెండర్‌ను పిలిచి టీ చెప్పారు, ఒక్కరికే చెప్పారు. ఎవరో తండ్రి పిల్లవాడి అడ్మిషన్ గురించి మాట్లాడటానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను లేవలేదు. ఆ తండ్రి ముందు గొడవ పడటం ఆయనకు ఇష్టం లేదు. పర్సు తీసి, లెక్క చూడకుండా నోట్లు బల్ల మీదకు విసిరారు. రావలసిన దానికి తక్కువే. నేను ఏరుకున్నాను. ఏరుకోవడానికి సిగ్గుపడలేదు. వచ్చే ఏడాది నా కాగితం ఆయన మళ్లీ రాయరని అప్పుడే తెలిసింది. రాయలేదు కూడా. ఆ సంగతి వదిలేద్దాం.

మధ్యాహ్నం గంట కొట్టాక పిల్లను వరండాలోకి పిలిచి ఆ నోట్లు చేతిలో పెట్టాను. అడిగితే వచ్చాయమ్మా, చూశావా, అన్నాను. నా గొంతులో గొప్ప ఉండే ఉంటుంది. ఆ పిల్ల మొహం వెలుగుతుందనుకున్నాను.

పిల్ల నోట్ల వంక చూసింది. తర్వాత కరస్పాండెంట్ గారి గది వైపు చూసింది. నోట్లు మడిచి, మళ్లీ మడిచి, పుస్తకంలో కాకుండా చున్నీ కొసన ముడి వేసుకుంది.

"మా అమ్మకి చెప్పకండి మేడం" అంది. "తెలిస్తే రేపు ఇంకో సంచి పట్టుకుని వచ్చేస్తుంది."